ఉప్పునీటి తొట్టెలో సీనియారిటీ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, అందరూ ఎదురుచూసేది ఏ కోట గురించో, ఏ శాసనం గురించో అని తెలిసి కూడా చేపల తొట్టె గురించి రాస్తానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. సర్వీసులో ఎక్కువకాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కూర్చుని సీనియారిటీ జాబితాలు తయారుచేసినవాణ్ణి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పేచీ ఎక్కడ వినిపించినా నా చెవి అటే తిరుగుతుంది. ఈసారి అది అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో, హాల్లో ఒక మూల పెట్టిన గాజుతొట్టెలో ఎదురైంది.

మా మనవడికి పగడాల దిబ్బను ఇంట్లో పెంచాలని కోరిక. సుమారు 280 లీటర్ల తొట్టె కొన్నారు. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపాడు. అది మనం కూరలో వేసే ఉప్పు కాదు, సముద్రంలో ఉండే లవణాలన్నీ పాళ్ళు చూసి కలిపిన పొడి. ఇసుక పోశాడు, రాళ్ళు పేర్చాడు, పంపులు, దీపాలు బిగించాడు. ఆ తరువాత ఏమీ చేయలేదు. రోజూ చిన్న గాజుగొట్టంలో కాసిని నీళ్ళు తీసి, చుక్కమందు వేసి, రంగు చూసి నోటుబుక్కులో రాసుకోవడమే పని. చేపలేవిరా అంటే "ఇంకా సైకిల్ పూర్తవలేదు తాతయ్యా" అనేవాడు. నాకు తెలిసిన సైకిలు వేరు. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి. నా తిరుగు ప్రయాణానికి రెండు నెలలే ఉంది. తొమ్మిదో రోజున వాడు స్కూలుకు వెళ్ళినప్పుడు మా అల్లుణ్ణి తొందరపెట్టి, నారింజరంగు మీద తెల్లపట్టీలుండే క్లౌన్ చేపలు రెండు తెప్పించి తొట్టెలో వదిలించాను. రెండు రోజులు బాగానే తిరిగాయి. మూడోరోజు నీటి పైభాగానికి చేరి గబగబా మొప్పలు ఆడించడం మొదలుపెట్టాయి. నాలుగోరోజు తెల్లవారేసరికి రెండూ ఇసుకమీద పడి ఉన్నాయి. మనవడు నన్ను ఒక్కమాట అనలేదు. నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. అమ్మోనియా గడిలో ఆ తొమ్మిదో రోజు కూడా అంకె ఉంది. సున్నా లేదు.

ఆ తరువాత కొన్నివారాలు అక్కడి గ్రంథాలయంలో కూర్చుని చదివాను. నేను చేసిన తప్పు నూట డెబ్బై ఏళ్ళుగా ఎందరో పెద్దలు చేసిందేనని తేలింది. సముద్రపు ఒడ్డున ఉన్నవాడికి ఈ వరస అంతగా అక్కరలేదు. నీళ్ళు చెడితే బక్కెట్టు పట్టుకుని నాలుగడుగులు నడుస్తాడు. సముద్రానికి దూరంగా ఉండి, ఆ సముద్రాన్నే ఇంట్లో నిలపాలనుకున్నవాళ్ళే ఏది ముందు, ఏది వెనుక అని తల బద్దలుకొట్టుకున్నారు.

1832లో సిసిలీ ద్వీపంలోని మెసీనా రేవులో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ గాజుతొట్టెలు చేయించి, ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి తన గుల్లను తానే కట్టుకుంటుందని రుజువు చేసింది. ఆమెకు సముద్రం గుమ్మం ముందే ఉంది. లండనులో ఉండే అన్నా థిన్ అనే క్రైస్తవాచార్యుడి భార్య సంగతి అలా కాదు. ఆమె 1846లో టోర్కీ తీరం నుంచి కొన్ని రాతిపగడాలను జాడీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఉన్న నీటికి ప్రాణవాయువు అందేలా, పనిమనిషిచేత తెరిచిన కిటికీ దగ్గర రోజూ అరగంటకు పైగా ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ధారగా పోయించేది. మనం కాఫీ చల్లార్చినట్టన్నమాట. మరుసటి ఏడు సముద్రపు నాచుమొక్కలను కూడా చేర్చింది. పగడాలు బతికాయి. గ్రంథాల్లో ఆమె పేరు ఉంది. ఆ నీళ్ళు పోసిన పిల్ల పేరు నాకెక్కడా కనపడలేదు.

వరస అన్న ఆలోచనకు అసలు పునాది వేసినవాడు మాత్రం రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త అని నా అభిప్రాయం. లండను అపోథికరీస్ హాల్‌లో ఉద్యోగి. 1849లో ఒక తొట్టెలో మంచినీళ్ళు పోసి, రెండు గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా అనే రిబ్బనులాంటి నీటిమొక్కను పెట్టాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప పీలుస్తుంది, లెక్క సరిపోతుందనుకున్నాడు. సరిపోలేదు. ముసలి ఆకులు కుళ్ళి నీళ్ళు పచ్చబడ్డాయి. అప్పుడాయన చేపలను మార్చలేదు, మొక్కను మార్చలేదు. చెరువునత్తలు నాలుగైదింటిని తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తిన్నాయి. వాటి గుడ్లు చేపలకు మేత అయ్యాయి. నీళ్ళు తేటపడ్డాయి. 1850లో దీన్ని అచ్చువేశాడు. అందంగా కనిపించేవాటితో మాత్రమే తొట్టె నడవదని, ఎవరూ చూడని పని చేసేవాడొకడు అందులో ఉండాలని అప్పుడు తెలిసింది. మా ఆఫీసులో స్వీపరు సెలవుపెట్టిన రోజున ఆఫీసరుగారికి కూడా ఇదే తెలిసేది.

అక్కణ్ణుంచి కథ పరుగెత్తింది. ఇంగ్లండులో గాజుమీద పన్ను 1845లోనే రద్దయింది, తొట్టెలు చవకయ్యాయి. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటికీ చేరింది. ముందు నాచుమొక్కలు, తరువాతే జంతువులు అని ఆయన చెప్పాడు. విన్నవారెందరో తెలియదు గాని, తీరానికి వెళ్ళి బుట్టలతో జీవాలను ఏరుకొచ్చినవారు మాత్రం లెక్కలేనంతమంది. చాలా తొట్టెలు కొద్దిరోజుల్లోనే కంపుకొట్టాయి. ఒడ్డున రాతిమడుగులు ఎలా బోసిపోయాయో గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తండ్రిని గురించి రాసిన పుస్తకంలో బాధపడ్డాడు. తండ్రి ప్రేమతో చేసిన పనికి అది ఫలితం.

1871లో లండను క్రిస్టల్ పాలెస్‌లో అక్వేరియం కట్టిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, జనం చూసే తొట్టెల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని నేల కింద చీకటిగదిలో నిల్వపెట్టి తిప్పాడు. మన దేశంలో మొదటి అక్వేరియం మదరాసులో, మెరీనా ఒడ్డున, మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ ఊహతో 1909లో వెలిసింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలకు రాజధాని అదే కదా. రెండో ప్రపంచయుద్ధకాలంలో మూతపడింది. బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియాన్ని 1951లో రాజేంద్రప్రసాద్‌గారు ప్రారంభించారు. రెండూ సముద్రం పక్కనే ఉన్నవి కాబట్టి మన కథకు అంతగా పనికిరావు.

మనవడి నోటుబుక్కులోని అమ్మోనియా గడికి జవాబు చేపలవాళ్ళు కనిపెట్టింది కాదు, మురుగునీటివాళ్ళు కనిపెట్టింది. 1877లో ష్లోసింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఒక పొడుగాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి దానిగుండా మురుగునీటిని మెల్లగా వదిలారు. ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. ఎంత అమ్మోనియా పోస్తే అంతా కిందికి వచ్చింది. ఆ తరువాత ఉన్నట్టుండి అమ్మోనియా తగ్గి నైట్రేట్ రాసాగింది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆగిపోయింది. మళ్ళీ కాస్త మట్టినీరు కలిపితే మొదలైంది. క్లోరోఫాంతో ఆగేది ప్రాణమున్నదే అయివుండాలి. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను విడదీసి చూపించాడు. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది చాలావరకు భరించదగ్గది. ఈ జీవులు బద్ధకస్తులు, ఒకటి రెండు కావడానికి సుమారు రోజు పడుతుంది. అందుకే కొత్త తొట్టెకు మూడు నుంచి ఆరు వారాలు. ఆ ఇరవై రోజుల సంగతి చదివిన నాడు నా తొమ్మిదో రోజు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

తెలిశాక కూడా మనుషులు ఏంచేశారో చూడండి. 1960ల నుంచి ఇళ్ళలో ఉప్పునీటి తొట్టెలు పెరిగాయి. సూక్ష్మజీవులకు అమ్మోనియా కావాలి, అది చేపనుంచి వస్తుంది. కాబట్టి మొదట చవకైన, మొండిప్రాణమున్న చేపను వేయాలి, చస్తే చచ్చింది అన్నారు. అందుకు దొరికింది డామ్సెల్ అనే చిన్న నీలిచేప. దాదాపు ఒక తరం పాటు ఇదే పద్ధతి సాగింది. చచ్చినవి చచ్చాయి. బతికినవి మాత్రం తొట్టె అంతా తమదే అనుకున్నాయి. డామ్సెల్ తన రాతిమూలకు వచ్చిన ఎవరినైనా తరుముతుంది, తనకన్నా పెద్ద చేపనైనా సరే. తరువాత డబ్బు పోసి తెచ్చిన మెతక చేపలు రెక్కలు చిరిగి, మేత దగ్గరికి రాలేక మూలన పడి చచ్చాయి. ఆ నీలిచేపను పట్టి బయటపడేయాలంటే పేర్చిన రాళ్ళన్నీ విప్పాలి. బలిపశువుగా ముందు పంపినదే మోతుబరి అయి కూర్చుంది. ఇప్పుడు తెలిసినవాళ్ళు చేపకు బదులు సీసాలోని అమ్మోనియా చుక్కలతోనో, చిటికెడు మేతతోనో ఆ పని నడిపిస్తారు.

మరో మార్గం ఆసియా నుంచి వచ్చింది. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన తొట్టెల గురించి రాశాడు. ఫిల్టర్లు లేవు. సముద్రం నుంచి తెచ్చిన, ప్రాణులు అంటిపెట్టుకుని ఉన్న రాళ్ళు, గాలిబుడగలు, అంతే. ఆ రాళ్ళ సందుల్లోనే సూక్ష్మజీవులున్నాయి. చాలామంది పట్టించుకోలేదు. తరువాత బెర్లిన్‌లో కొందరు అదే రాళ్ళకు నురగతో మలినాలు తీసే యంత్రం, బలమైన దీపాలు, సున్నపునీరు జోడించి రాతిపగడాలను పెంచారు. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలో పగడాల తొట్టెల మోజు మొదలైంది. అప్పటినుంచి వరసలో రాయి మొదటి స్థానానికి వచ్చింది.

మా మనవడు నాకు చెప్పిన వరస అందులోంచి పుట్టిందే. రాయి, ఇసుక, ఎదురుచూపు. గోధుమరంగు పొర, ఆపైన పచ్చటి పాచి పట్టాక నత్తలు, శంఖంలో దూరి బతికే చిన్నపీతలు. ముందే వేస్తే తిండిలేక చస్తాయి. తరువాత ఒకటి రెండు సాధుచేపలు, మళ్ళీ రెండు మూడు వారాలు విరామం, ఎందుకంటే నోళ్ళు పెరిగినప్పుడల్లా సూక్ష్మజీవులూ పెరగాలి. ఆపైన మెత్తటి పగడాలు. నీటిలో సున్నం నిలకడగా ఉంటోందని నెలల తరబడి చూశాక రాతిపగడాలు. మాండరిన్ అనే రంగుల చేపకు రాళ్ళమీద పాకే కంటికానని పురుగులే ఆహారం, అవి బాగా పెరిగేదాకా, అంటే దాదాపు ఏడాది, దాన్ని తేకూడదు. పువ్వులా విచ్చుకునే ఎనిమోన్ కూడా అంతే. ప్రతి చేపా ముందు వేరే తొట్టెలో కొన్ని వారాలు క్వారంటైన్‌లో ఉండి రావాలి. తెల్లమచ్చల తెగులు ఒకసారి పెద్ద తొట్టెలో చొరబడిందంటే మందు వేయడానికి లేదు. మైలుతుత్తం వంటి రాగిమందు చేపను బతికిస్తుంది, నత్తలను, పగడాలను చంపుతుంది.

పోట్లాడే చేపలు చివర. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సర్వీసు రూల్సు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది, ముందు చేరినవాడిదే హక్కు. అందుకే గడుసువాడి నియామకపు తేదీని కావాలని వెనక్కి జరుపుతారు. తప్పనిసరై పేచీకోరు ముందే ఉంటే, రాళ్ళను అటూ ఇటూ మార్చి పేరుస్తారట, పాత హద్దులు గల్లంతై అందరూ కొత్తవాళ్ళవుతారు. సెక్షన్లు మార్చి బదిలీలు వేసినట్టే. ఇంకో వింత చెప్పాలి. క్లౌన్ చేపల్లో కచ్చితమైన వరస ఉంది. గుంపులో పెద్దది ఆడది, రెండోది దాని జోడీ, మిగిలినవి ఇంకా చిన్నవి, ఎదుగుదల అణుచుకుని వంతు కోసం ఉంటాయి. ఆడది పోతే మగదే ఆడదిగా మారుతుంది, మూడోది రెండో స్థానానికి వస్తుంది. ఖాళీ వస్తేనే ప్రమోషన్.

ఇది చదివి మన కుటుంబాల్లో పిల్లలెవరైనా ఇక్కడ పగడాల తొట్టె పెడదామంటే ఒకమాట. మన దేశంలో 2001 నుంచి రాతిపగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రం నుంచి పగడపు రాయి తేవడం నేరం. చేపల వరకే పెట్టుకోవచ్చు. క్లౌన్ చేపలు సముద్రంలో పట్టినవే కానక్కరలేదు. అమెరికాలో మార్టిన్ మో 1970ల మొదట్లోనే వాటిని వ్యాపారస్థాయిలో పొదిగించాడు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా వాటిని హేచరీలో పొదిగించే పద్ధతి సాధించింది. యెల్లో టాంగ్ అనే పసుపుచేప మాత్రం చాలాకాలం లొంగలేదు. 2015లో హవాయిలో మొదటిసారి దాన్ని తొట్టెలోనే గుడ్డునుంచి పెంచగలిగారు.

నేను బయలుదేరే నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండు గడుల్లోనూ సున్నా పడి, నత్తలు వచ్చి, క్వారంటైన్ ముగించుకున్న క్లౌన్ జంట తొట్టెలోకి దిగింది. ఆ రెంటినీ వదిలే పని మనవడు నా చేతికే ఇచ్చాడు. చెయ్యి కాస్త వణికింది. వయసువల్ల అని చెప్పాను. తాను వేయబోయేవాటి జాబితా నకలు ఒకటి నా సంచీలో పెట్టాడు. పదకొండు పేర్లు, పక్కన చేరే తేదీలు. చివరి పేరు పసుపు టాంగ్. దాని ఎదుట తేదీ గడి ఖాళీగా వదిలాడు.