శాటిన్

పడుగు పోగు ఒక పేక పోగు కిందికి దిగేముందు కనీసం నాలుగు పేక పోగుల మీదుగా తేలుతూ సాగే నేతనూ, ఆ నేతతో వచ్చే నున్నని బట్టనూ శాటిన్ అంటారు. సాదా నేతతో పోలిస్తే ఇందులో పోగులు పెనవేసుకునే చోట్లు తక్కువగా, చెదురుగా ఉండడం వల్ల ముఖతలం మెరుస్తుంది. అయితే ఆ పొడవాటి పోగులే గాజులకూ గోళ్లకూ తేలిగ్గా చిక్కి లేచిపోతాయి. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాదులో పట్టు పడుగు, నూలు పేకతో నేసిన మష్రూ ఈ కోవదే: పురుషులు అచ్చపట్టు ధరించరాదన్న ఇస్లామీయ నియమాన్ని మన్నిస్తూనే పట్టు పైకి మెరిసేలా, నూలు ఒంటికి తగిలేలా చేసిన ఉపాయం నిజంగా చక్కనిది. లంగాలు, రవికలు, రిబ్బన్లు, దిండు గలీబులకు నేడు వాడే శాటిన్ చాలావరకు పాలియెస్టర్‌తో నేసినదే, అది చెమటను పీల్చదు కనుక ఎండ ప్రాంతాల్లో లోపల నూలు లైనింగు వేయించడం మేలు.