పట్నంల మొదటి కుర్చీ
(బువ్వ చరిత్రలు – 6)



2019 అక్టోబర్‌లో యునెస్కో హైదరాబాద్‌ను వంటల నగరంగా గుర్తించి తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చుకున్నది. అంతకు తొమ్మిదేండ్ల ముందు, 2010లో, హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటిసంది పట్నం తిండి మీద పుస్తకాలు, వీడియోలు మస్తు పెరిగినయి. పొద్దుగాల చార్మినార్ కాడ నిహారి, పగటికి బిర్యానీ, సాయంత్రం మొజంజాహి మార్కెట్ల ఐస్‌క్రీం. నేను కూడ చూస్త, నోరూరుతది. గాని వాటిల్ల ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. ఆ కుర్చీల మీద ఎవరెవరు, ఎప్పటిసంది కూసుంటున్నరు?

నేను తెలుగు సాహిత్యం చెప్పేటోన్ని కాబట్టి పాత పుస్తకం నుంచే మొదలుపెడుత. క్రీడాభిరామం అని 15వ శతాబ్దపు వీథి నాటకం ఉన్నది. వినుకొండ వల్లభరాయుడు రాసిండంటరు, శ్రీనాథునిదే అనేవాళ్ళూ ఉన్నరు. అందుల ఒక బ్రాహ్మణుడు, ఒక సెట్టి కలిసి ఓరుగల్లు అంతా తిరుగుతరు. తిరిగి తిరిగి ఆకలై ఒక పూటకూళ్ళ ఇంటి ముచ్చట తీస్తరు. సన్నన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, ఆవునెయ్యి, అరటిపండ్లు, పెరుగు, అన్నీ ఒక్క రూకకే. తెలుగుల హోటల్ తిండిని మెచ్చుకుంట రాసిన తొలి రాతల్ల ఇదొకటి. మా పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ల ఓరుగల్లు జీవితం చెప్పడానికి ఈ నాటకాన్నే బాగా వాడుకున్నడు. ఆ పుస్తకానికి 1955ల సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

నేను ఎం.ఎ.ల ఆ పద్యం చదివినప్పుడు క్లాసంతా లొట్టలేసింది. నాకు మాత్రం ఆ ఇంటి గడప గుర్తొచ్చింది. ఒక్క రూక మా ముత్తాత తాత దగ్గర కూడ ఉండొచ్చు. రూక ఉంటే సరిపోయేదా?

ఇగ మా ఇంటి ముచ్చట. మా తాత అచ్చంపేట దిక్కు ఊరి నుంచి గుంపు మేస్త్రీ కింద మట్టిపనికి పోయినోడు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్నది గద, ఆ లేబర్ల ఒకడు. మా ఊరి హోటల్ల మనోళ్ళ గ్లాసులు చూరుల చెక్కి ఉండేవి. మనమే తీసుకోవాలె, మనమే పట్టుకొని నిలబడాలె, వాడు పైనుంచి పోస్తడు, మనమే కడిగి మళ్ళ చూరుల పెట్టాలె. బల్ల మీద కూసునుడు అన్నమాటే లేదు.

1970లల్ల మా నాయినకు కాలు పుండైతే తాత ఉస్మానియా దవాఖానకు తీసుకపోయిండట. గౌలిగూడల బస్సు దిగి, నడుసుకుంట అఫ్జల్‌గంజ్. అక్కడొక ఇరానీ హోటల్. తాత తువ్వాల చంకల పెట్టుకొని గడప బయట కుదురుగ కూసున్నడు. లోపలినుంచి పిల్లగాడు వచ్చి, "అందర్ బైఠో చాచా" అన్నడు. తాతకు సమజ్ కాలేదు. వాడు చెయ్యి పట్టి లోపలికి తీసుకపోయి, రాయి పరిచిన గుండ్రటి బల్ల ముంగట కుర్చీ మీద కూసోబెట్టిండు. చాయ్ తాగినంక తాత కప్పు, సాసర్ పట్టుకొని కడగనీకి లేసిండట. వాడు నవ్వి గుంజుకున్నడు.

ఆ చాయ్ ఎట్లున్నదని తాత ఎన్నడు చెప్పలే. సచ్చేదాక చెప్పింది ఒక్కటే: "నేను తాగిన కప్పు ఇంకొకడు కడిగిండు బిడ్డా."

ఆ హోటళ్ళు పెట్టినోళ్ళు ఎవరు? 19వ శతాబ్దం చివర్ల, 20వ శతాబ్దం మొదట్ల ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి బొంబాయి, పూణెలకు, అక్కడినుంచి హైదరాబాద్‌కు బతకనీకొచ్చినోళ్ళు. ఆబిడ్స్‌ల గ్రాండ్ హోటల్ 1935 నాటిది. వాళ్ళకు మన ఊరి కట్టుబాటుతోని పని లేదు. రిక్షా తొక్కేటోడు, హమాలీ, గుమాస్తా, కవి, అందరు తాగితేనే గల్లా నిండుతది. అందుకే నేను దీన్ని ఎవరి పెద్దమనసు కింద రాస్త లేను, యాపారం అంటున్న. కాని ఆ యాపారమే మా తాతకు కుర్చీ ఇచ్చింది. అదే కాలంల తెలుగు పట్నాలల్ల 'బ్రాహ్మణ కాఫీ హోటల్' బోర్డులు మామూలు. మద్రాసుల అయితే అట్లాంటి బోర్డు తీసెయ్యాలని 1957ల పెరియార్ ఒక హోటల్ ముంగట ఉద్యమమే నడపాల్సి వచ్చింది.

చట్టం సంగతి విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలె. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజుల దుకాణాలు, హోటళ్ళు అని పేరుపెట్టి రాసిండ్రు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955ల దానికి శిక్షల చట్టం వచ్చింది. రాజ్యాంగంల 'హోటల్' అనే మాట ఎందుకొచ్చిందో మా తాత చూరుల గ్లాసును చూస్తే తెలుస్తది. ఆ చట్టం మా ఊరికి చేరేసరికి ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. అందరికీ పారేసే గ్లాసే కాబట్టి రెండు గ్లాసుల గొడవ లేకుంటైంది. దాన్ని మార్పు అన్నోళ్ళను చూసిన్న. కడిగే పని తప్పింది గాని, మనోడు ఇప్పటికీ బయటనే నిలబడి తాగుతుండె.

ఇంతవరకు చదివి "అయితే నిజాం రాజ్యంల మనకు మంచిగుండె" అనుకోకండ్రి. 1934ల బాబాసాహెబ్ తన మనుషులతోని దౌలతాబాద్ కోట చూడనీకి పోయిండు. అది అప్పుడు నిజాం రాజ్యమే. కోట గుమ్మం కాడి తొట్టిల నీళ్ళతోని కాళ్ళు చేతులు కడుక్కుంటే, ఒక ముసలి ముస్లిం "అంటరానోళ్ళు తొట్టి మైల చేసిండ్రు" అని అరిచిండు. జనం గుమిగూడి తిట్టిండ్రు. ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల ఈ సంగతి రాసుకున్నడు. మతం మారితే మైల పోదని ఆయనకు అక్కడ తెలిసొచ్చింది. ఒక రాజ్యంల ఒక ఇరానీ కుర్చీ, ఒక దౌలతాబాద్ తొట్టి, రెండూ ఉన్నయి. ఏదో ఒకటి ఎత్తుకొని చరిత్ర రాస్తే అది అబద్ధమైతది.

ఇగ అసలు సంగతి, కూర.

మన దిక్కు పెద్దకూర అంటం. పట్నం ఉర్దూల 'బడే కా గోష్' అంటరు. పెద్ద, బడా. రెండు భాషలు, ఒక్కటే మాట. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నరా, ఎవరికి వాళ్ళే పెట్టుకున్నరా తేల్చి చెప్పలేను గాని, పక్కపక్క వాడలల్ల బతికిన జనం మాట అది. పుంటికూరను వాళ్ళు అంబాడా అంటరు, అంబాడా గోష్ వండుతరు. మన అవ్వలు ఎండు తునకలు పుంటికూరల ఏసి వండుతరు. చింతచిగురుల మాంసం వండితే దానికి వాళ్ళ పేరు 'చిగుర్ కా గోష్'. చిగురు మన మాటే. వాళ్ళ బగారా మన పెండ్లి పందిట్లకు వచ్చి బగారన్నం అయింది. నవాబుల దస్తర్‌ఖాన్ మొఘలుల నుంచి వచ్చిందని గైడ్లు చెప్తరు. చింతపండు, పుంటికూర, నువ్వులు ఏ మొఘలు తెచ్చిండు? ఈ నేల మీద చెమటోడ్చి వాటిని పండించిన చేతుల పేరు ఏ మెనూల లేదు.

కల్యాణీ బిర్యానీ కథ చూడండ్రి. బీదర్ దగ్గరి కల్యాణి నవాబులు 18వ శతాబ్దంల హైదరాబాద్‌ల దేవిడీ కట్టుకున్నరు. పెద్దకూరతోని, టమాట, ధనియాలు దట్టించి వండే బిర్యానీ వాళ్ళ దేవిడీల పుట్టిందని చెప్పుకుంటరు. ఇప్పుడది మురాద్‌నగర్, మెహిదీపట్నం దిక్కు చిన్న హోటళ్ళల్ల దొరుకుతది. దాన్ని 'పేదోళ్ళ బిర్యానీ' అంటరు. నవాబు ఇంట్ల పుట్టిన బిర్యానీ పేదోళ్ళది ఎట్లయింది? మాంసాన్ని బట్టే. యాటకూర ధర పెట్టలేని ముస్లిం, మనోడు ఒక్క బల్ల మీద తిన్నరు. పేరున్న పెద్ద హోటళ్ళల్ల యాట, కోడి మాత్రమే. పట్నం 'సిగ్నేచర్ డిష్' అని ఫోటో ఎక్కింది ఆ యాట బిర్యానీనే.

బార్కస్ కూడ చూడాలె. నిజాం కొలువుల అరబ్బు సిపాయిల బారకాసులే బార్కస్ అయింది. హద్రమౌత్ నుంచి వచ్చినోళ్ళ హరీస్, తర్వాత మండి అక్కడినుంచే పట్నమంతా పాకినయి. ఒక్క తాంబాలం చుట్టు పదిమంది కూసొని తింటరు. పాలమూరు నుంచి వచ్చిన మా దోస్తు మొదటిసారి చూసి, "ఎవని చెయ్యి ఎవనికి తగులుతుందో చూస్తలేరు రా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గాని, తర్వాత చాన సేపు మాట్లాడలే.

మనలోపలి లొల్లి కూడ దాచొద్దు. భాగ్యరెడ్డి వర్మ 1906ల జగన్మిత్ర మండలి, 1911ల మన్య సంఘం పెట్టి ఇదే పట్నంల మనోళ్ళను లేపిండు. ఆయన కల్లుసారాకు, జంతుబలులకు వ్యతిరేకంగా తిరిగిండు. 1927 మహాడ్ సభల బాబాసాహెబ్ సచ్చిన గొడ్డు మాంసం తినొద్దన్నడు. సచ్చిన గొడ్డును ఈడ్చే ఎట్టి పని, దాని మాంసమే కూలి అయినప్పుడు, ఆ కూరను వద్దనుడు కూడ తిరుగుబాటే. ఆ తరానికి గౌరవం అట్ల కనపడ్డది. మరి వాళ్ళ మునిమనవళ్ళు 2012 ఏప్రిల్ 15న, అంబేడ్కర్ జయంతి తెల్లారి, ఉస్మానియా క్యాంపస్‌ల పెద్దకూర పండుగ ఎందుకు చేసిండ్రు? మెస్ మెనూల మా కూర కూడ పెట్టాలని అడిగిండ్రు. అడ్డుకున్నోళ్ళతోని కొట్లాట అయింది, పోలీసులు బాష్పవాయువు కొట్టిండ్రు. నేనప్పుడు అక్కడ విద్యార్థిని. వద్దన్న తాతలు, కావాలన్న మనవళ్ళు ఒకరికొకరు ఎదురు కాదని నాకు అనిపిస్తది. ఏది తినాలో, మానాలో చెప్పే అధికారం ఊరి పెద్ద చేతిల ఉండొద్దన్నదే ఇద్దరి పంచాయితి. ఇది తప్పంటే వాదించండ్రి, వింట.

చట్టం గురించి ఒక మాట. 1977 చట్టం ఆవును కొయ్యొద్దన్నది. పనికిరాని ఎద్దులను, దున్నలను సర్టిఫికెట్ తీసుకొని కొయ్యొచ్చు. ఈ తేడా తెలువకుండ టీవీల అరిచేటోళ్ళే ఎక్కువ.

2014ల తెలంగాణ వచ్చింది. ఆంధ్రా మీల్స్, ఉడిపి ఇడ్లీ నడుమ ఇన్నేండ్లు కనపడని మన తిండి బోర్డులెక్కింది. జొన్నరొట్టె, నాటుకోడి, తలకాయ కూర, బోటి, పచ్చిపులుసు, సర్వపిండి. దాన్నే మా నల్లగొండ దోస్తులు తపాలచెక్క అంటరు. నాకు నిజంగ సంబురమైంది. అంబలి తాగే జాతని ఎక్కిరించినోళ్ళే రాగి జావకు వరుసల నిలబడ్డరు. మా నాయినను ఒక 'తెలంగాణ వంటల' హోటల్‌కు తీసుకపోయిన. కుండల, లాంతర్ల నడుమ కూసోబెట్టిండ్రు. నాయిన మెనూ ముందటినుంచి ఎనుకదాక చదివిచ్చుకున్నడు. "ఊర్ల అందరి కూర ఉన్నది, మన కూర ఏది?" అన్నడు. వడ్డించే పిల్లగాడు తలొంచుకొని నవ్విండు. తర్వాత మాటల మీద మాట వచ్చి చెప్పిండు, వాళ్ళది కొల్లాపూర్ దిక్కు, మనోడే. లోపల వంట చేసే ఇద్దరు కూడ మనోళ్ళే.

బోర్డుల మీద రెడ్డిగారు, రాజుగారు, నాయుడుగారు ఉంటరు. ఆ పేర్లకు రుచి ఉన్నదని జనం నమ్ముతరు. లోపల పొయ్యి కాడ ఉన్నోని పేరుకు రుచి ఉండదా? మహారాష్ట్రల షాహూ పాటోళే 2015ల మరఠ్వాడా మహార్, మాంగ్ ఇండ్ల వంటల మీద మరాఠీల పుస్తకమే రాసిండు. మరఠ్వాడా కూడ ఒకప్పుడు ఈ హైదరాబాద్ రాజ్యంలదే. మన దిక్కు మన అవ్వల వంటలు ఇంకా నోట్లనే ఉన్నయి.

అఫ్జల్‌గంజ్‌ల తాత చాయ్ తాగిన హోటల్ జాగ చూపియ్యమంటే పోయినేడు నాయినను తీసుకపోయిన. రెండు సార్లు అటూ ఇటూ తిరిగినం. అక్కడ ఫోన్ కవర్లు అమ్మే దుకాణం ఉన్నది. ఇదేనా కాదా అన్నది నాయిన తేల్చుకోలేకపోయిండు. పక్క సందుల ఇంకో హోటల్ల కూసొని వన్ బై టూ చెప్పినం.

మీ ఊరి హోటల్ల మనోళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టేటోళ్ళు, పట్నంల మీ ఇంట్లోళ్ళు మొదట కూసున్న హోటల్ ఏది, మీ అవ్వనో తాతనో అడిగి రాసి పంపండ్రి. వచ్చేసారి దిల్‌సుఖ్‌నగర్ మెస్సులు, "మీరేం తింటరు?" అని అడిగే ఇంటి ఓనర్ల ముచ్చట.

(ఇంకా ఉంది)