ఎలగందుల: ఊరు వెళ్ళిపోయింది, నీరు వచ్చింది

కరీంనగరం నుండి కామారెడ్డి దారి పట్టి పది పన్నెండు కిలోమీటర్లు వెళితే ఎలగందుల. కొండ మీద ఖిల్లా, దాని ముందు కనుచూపు మేర నీళ్ళు. ఈ సరోవర శోభ చూసి ముచ్చటపడి ఏ రాజో ఇక్కడ కోట కట్టుకొని ఉంటాడని మొదటిసారి వచ్చినవారికి తోస్తుంది. నాకూ అలాగే తోచింది. పొరపాటు. ఈ కోటను కట్టినవారిలో, ఏలినవారిలో ఒక్కరైనా ఈ సరస్సును చూసి ఎరుగరు.

వారు చూసింది మానేరు నదిని. 1974లో మొదలుపెట్టి 1985లో ముగించిన దిగువ మానేరు ఆనకట్ట వెనుక ఇరవై నాలుగు టీఎంసీల దాకా నిలిచే నీరు ఇది. కోటకు కాకతీయుల కాలం నుండి చరిత్ర ఉన్నదంటారు. సరస్సు వయసు నాకంటే తక్కువ. మన ప్రాంతంలో సాధారణంగా చెరువు పెద్దది, ఊరు చిన్నది. కాకతీయులు చెరువు తవ్వించి ఊళ్ళు నిలిపారు. హుసేన్ సాగరం 1562 నాటిదైతే హైదరాబాదు 1591లో గాని పుట్టలేదు. ఎలగందులలో మాత్రం వరుస తారుమారైంది. ఊరి వైభవమంతా ముగిశాక నీళ్ళు వచ్చాయి.

ఆ వైభవం చిన్నదేమీ కాదు. ఈ ఊరి పాత పేరు బహుధాన్యపురం. ఆ పేరు పలికినప్పుడల్లా నాకు కోట కన్నా ముందు మానేటి ఒడ్డు వరిపొలాలే కళ్ళకు కడతాయి. కాకతీయులు, బహమనీలు, కుతుబ్ షాహీలు, మొగలులు, చివరకు ఆసఫ్ జాహీలు దీన్ని ఏలారు. 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు మీనార్లు కదిపితే ఊగుతాయని ప్రసిద్ధి. వచ్చిన ప్రతివాడూ ఊపి చూడబోవడం నాకు నచ్చదు. రెండున్నర శతాబ్దాలు దాటి నిలిచినదాన్ని ఊగుతుందా లేదా అని పరీక్షించడానికి మనమెవరం?

కరీంనగరం పేరు కూడా ఇక్కడి నుండి వెళ్ళినదే. ఎలగందుల కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద ఆ ఊరు వెలిసిందని చెబుతారు. 1905లో జిల్లా కేంద్రం అక్కడికి మారింది. కచేరీ కదిలితే ఏమేం కదులుతాయో మనకు తెలియనిది కాదు: వకీళ్ళు, గుమాస్తాలు, వారిని నమ్ముకున్న అంగళ్ళు. ఇప్పుడు కరీంనగరం పేరుతో ప్రఖ్యాతి పొందిన వెండి తీగ పనికి సైతం పుట్టిల్లు ఎలగందులే. వెంట్రుకలంత సన్నని వెండి తీగలను మెలిపెట్టి, అల్లి, పన్నీరు బుడ్లు, అత్తరు పెట్టెలు చేసే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రంలో ఉన్నది కరీంనగరం పేరే. పేరు, కచేరీ, పనితనం, మూడూ కొత్త ఊరికే దక్కాయి. తాగేందుకు ఆ ఊరు తీసుకునేది కూడా ఈ ఖిల్లా ముందున్న నీరే.

అయితే సరస్సు మీద నాకు కోపం లేదు. శ్రీరాంసాగరం నుండి కాకతీయ కాలువలో వచ్చే నీరు ఇక్కడ ఆగి దిగువ పొలాలకు వెళుతుంది. ఆ పంట తిన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాని ఈ నీటి కింద కొన్ని ఊళ్ళున్నాయి. వాటికి కోటలు లేవు గనుక వాటిని చూడడానికి యాత్రికులెవరూ రారు.

ఎండకాలం నీళ్ళు వెనక్కి తగ్గి శిఖం బయటపడి ఉంది. బురుజు మీది నుండి చూస్తే పచ్చిక మీద గొర్రెల మంద ఒకటి కనిపించింది. కాపరిని అడిగాను, అక్కడ పూర్వం ఏముండేదని. "మా తాత పొలం," అన్నాడు. ఎక్కడ అంటే కర్రతో చూపించాడు. కర్ర చివర నాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. అతను మాత్రం చాలాసేపు అటే చూశాడు.