స్థౌల్య శస్త్రచికిత్స, విశ్రాంతి, సెలవుచీటి

ప్రభుత్వోద్యోగి సెలవు కోరుచు వ్రాయు దరఖాస్తులో కారణము తెలుపుటకు ఒక వరుస కలదు. జ్వరమనియో, చెల్లెలి వివాహమనియో, తండ్రిగారి ఆబ్దికమనియో వ్రాయునపుడు కలము ఆగదు. గత శీతకాలమున నా దరఖాస్తు వ్రాయుచు నేను ఆ వరుసకడ చాలసేపు ఆగితిని. శరీరపు బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొని మూడు వారములు విశ్రమింపవలసి యుండెను. “నాలుగు ముద్దలు తగ్గించిన పోవుదానికి కత్తి యేల, సెలవేల?” అని తోటివారందురేమో యని జంకు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పుట కష్టము; చరిత్రలో మాత్రము కలదు. మంచము పట్టియున్న దినములలో నేను చదివి తెలిసికొన్నదానిని మన సంఘ సభ్యుల యెదుట నుంచుచున్నాను.

స్థౌల్యమును రోగముగ నెంచుట నేటివారు క్రొత్తగ కనిపెట్టినది కాదు. చరకసంహిత సూత్రస్థానమున, లోకముచే నిందింపబడు ఎనిమిది విధముల శరీరములు గలవారిని గూర్చి ఒక అధ్యాయమే యున్నది. వారిలో మిక్కిలి లావైనవాడు, మిక్కిలి బక్కపలుచనివాడు కూడ నున్నారు. ఈ యిరువురిలో లావువానికే చికిత్స కష్టమని ఆచార్యుని నిర్ణయము. అతని జఠరాగ్ని తీవ్రముగ మండుచుండును, ఆకలి యెక్కువ. పెట్టిన మేదస్సు పెరుగును, లంఖణము చేయించిన ఓర్వలేడు. నింద, చికిత్స రెండును ఒకే అధ్యాయమున చేరియుండుట నన్ను ఆలోచింపజేసినది. ఆ జత నేటికిని విడిపోలేదు.

ఇక కత్తి మాట. 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు వైద్యులు క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అనువారు చిన్న ప్రేగులో ఏ భాగము పోషణకెంత అవసరమో కుక్కలపై పరీక్షించి ప్రకటించిరి. ప్రేగులో చాలభాగమును ప్రక్కకు తప్పించి, తిన్నది వంటబట్టకుండ చేయు పద్ధతి అటనుండి వ్యాపించినది. బరువు తగ్గెను గాని, రోగులు విరేచనములతోను, మూత్రపిండములలో రాళ్లతోను, కొందరు కాలేయము చెడియు బాధపడిరి. 1980 ప్రాంతమునకు ఆ పద్ధతి మూలపడినది.

అంతకంటె చిత్రమైనది అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ మేసన్ కథ. ఆ కాలమున జీర్ణాశయపు పుండునకు, జీర్ణాశయములో కొంత భాగమును కోసివేయుటయే చికిత్సగ నుండెను. అట్టి శస్త్రచికిత్స జరిగినవారు ఎంత ప్రయత్నించినను తిరిగి ఒళ్లు చేయుటలేదని వైద్యులకు తెలియును. అది వారికొక బెడదయే. ఒకరి బెడద మరియొకరికి మందు కాగూడదా యని మేసన్ ఆలోచించెను. 1966లో ఆయన జీర్ణాశయపు పైభాగమును చిన్న సంచిగ విడదీసి దానిని చిన్న ప్రేగునకు కలిపెను. నేడు గ్యాస్ట్రిక్ బైపాస్ అనబడునది దీని సంతతియే. ఇందు అందచందముల ప్రసక్తి లేదని పాఠకులు గమనింతురు గాక. పుండు చికిత్స చేయుచున్న వైద్యుని చూపునుండి పుట్టిన విద్య యిది.

మేసన్ రోగులకు పొట్టపై నిలువుగ పెద్ద గాటు. అంతకు పూర్వము పొట్టకోసిన రోగిని రెండు మూడు వారములు మంచము దిగనిచ్చెడివారు కారు. రోగులను త్వరగ లేపి నడిపింపవచ్చునని చికాగోలో ఎమిల్ రీస్ అను వైద్యుడు 1899లోనే చెప్పినను లోకము వినలేదు. 1940 తరువాత, యుద్ధకాలపు ఆసుపత్రులలో మంచములు చాలక, ఆ మాట చెవికెక్కినది. అవసరము నేర్పిన శాస్త్రము! 1985లో జర్మనీలో ఎరిక్ ముహె చిన్న రంధ్రములగుండ పిత్తాశయమును తొలగించెను. 1990లో బొంబాయిలో తెహెంతన్ ఉద్వాడియా ఈ విద్యను మన దేశమునకు తెచ్చెను. 1994 నాటికి అమెరికాలో విట్‌గ్రోవ్, క్లార్క్ అనువారు బైపాసును కూడ ఇట్లే చేసి ప్రకటించిరి. నాకు జరిగిన స్లీవు శస్త్రచికిత్స, అనగా జీర్ణాశయములో ముప్పాతిక భాగమునకు పైగ తొలగించి మిగిలినదానిని అరటికాయవలె సన్నని గొట్టముగ చేయుట, మొదట మిక్కిలి లావైన రోగులకు రెండు విడతల చికిత్సలో తొలి విడతగ నుండెడిది. ఆ విడతయే చాలునని తేలి, నేడు ప్రపంచమున అన్నిటికంటె నెక్కువగ జరుగుచున్నది.

చిక్కంతయు ఇచటనే. గాట్లు అంగుళము లోపు. ఆసుపత్రిలో రెండు మూడు దినములు. మూడవనాడు నడచి ఇల్లు చేరినవానికి మూడు వారముల సెలవెందుకని పై యధికారి అడుగుటలో తప్పులేదు. బల్లకడ కూర్చుండి వ్రాయువారికి ఒకటి మొదలు మూడు వారములు, బరువులెత్తువారికి నాలుగు మొదలు ఆరు వారములు విశ్రాంతి అని వైద్యులు సాధారణముగ చెప్పుదురు. ఆ దినములు గాటు మానుటకే అనుకొనుట పొరపాటు. క్రొత్తగ తినుట నేర్చుకొనుటకు అవి కావలెను.

మొదటి దినములలో తేట ద్రవములు, పిమ్మట రెండు వారముల వరకు పలుచని పానీయములు, ఆపైన మెత్తగ నలిపినవి, నెల దాటినపిదప కొంచెము కొంచెముగ మామూలు భోజనము. మా అమ్మ దీనిని వినగానే “ఇది జ్వరము తగ్గినవానికి పథ్యము పెట్టుట వంటిదే కదా” అనెను. ఆమె మాట నిజము. శోధనచికిత్స పిదప పేయము, విలేపి, యూషము అను క్రమమున పలుచని గంజినుండి మెల్లగ అన్నమునకు వచ్చుటను ఆయుర్వేదులు సంసర్జన క్రమమందురు. కాని తెలిసియుండుట వేరు, భరించుట వేరు. అరగ్లాసు మజ్జిగ త్రాగుటకు నాకు అరగంట పట్టెడిది. రెండు గుక్కలు తొందరపడిన, రొమ్ములో రాయి పెట్టినట్లుండెడిది. నలువదేండ్లు కొసరి కొసరి వడ్డించిన చేయి చెంచాలు లెక్కపెట్టవలసి వచ్చెను. మా అమ్మకు కన్నీరు వచ్చిన దినములును కలవు. ఆకలి మాత్రము ఆశ్చర్యకరముగ లేదు. జీర్ణాశయమున పుట్టి ఆకలిని రేపు గ్రెలిన్ అను పదార్థమును జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొనిరి. అది ప్రధానముగ పుట్టు పైభాగమే ఈ శస్త్రచికిత్సలో పోవునట. చరకుడు చెప్పిన అగ్ని నాకపుడు జ్ఞప్తికి వచ్చెను.

చూపులకు నీవంత లావు కావే యని అడిగినవారును కలరు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుయొక్క వర్గముతో భాగించిన వచ్చు అంకె నలుబది యుండవలెననియు, మధుమేహాదులున్నచో ముప్పదియైదు చాలుననియు 1991లో అమెరికా వైద్యసభ నిర్ణయించెను. ఆసియావాసులకు తక్కువ బరువుననే మధుమేహము వచ్చుచున్నదని పిమ్మట తేలినది. అందుచే 2022 నాటి అంతర్జాతీయ సూచనలలో మనవంటివారికి ఆ మితులను తగ్గించిరి. నాకు పదేండ్లుగ మధుమేహము.

సెలవు చరిత్రయు వినదగినదే. కంపెనీ దొరలు జబ్బుపడి గుడ్ హోప్ అగ్రమునకు ఓడలెక్కెడివారు. 1819లో జాన్ సల్లివాన్ నీలగిరులెక్కిన పిదప మద్రాసు దొరలకు అవి ఆరోగ్యస్థానమాయెను. గుమాస్తాకు నీలగిరులెక్కడివి? 1922లో అమలులోనికి వచ్చిన ఫండమెంటల్ రూల్సునందు సైతము, ఆసియాలో స్థిరనివాసము గలవారికి ఒక సెలవుల పట్టిక, లేనివారికి అంతకంటె ఉదారమైన మరియొక పట్టిక! 1972 నాటి కేంద్ర సెలవు నియమావళిలో ఆ భేదము లేదు. ఏటేట ఇరువది దినముల అర్ధవేతనపు సెలవు జమయగును. వైద్యుని ధ్రువపత్రముపై దానిని సగము దినములకు పూర్తి వేతనముగ మార్చుకొనవచ్చును. సెలవు హక్కు కాదను పాత మాట అందును నిలిచియే యున్నది. ఆరోగ్యము తిరిగి పొందుటకు ఇన్ని దినములు విధికి దూరముగ నుండుట అవసరమని వైద్యుడు వ్రాయవలెను. తిరిగి చేరునపుడు పనికి తగియున్నాడని మరల వ్రాయవలెను. రోగము ఎవరి తప్పువలన వచ్చెనని అడుగు గడి ఆ పత్రములలో ఎచటను లేదు. నేను వెదకి చూచితిని. మా విభాగమున కాంట్రాక్టుపై పనిచేయు కుర్రవానికి మాత్రము ఈ పత్రములలో ఏదియు వర్తింపదు. అతడు అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగిన తొమ్మిదవనాడు వచ్చి కూర్చుండెను.

తుదకు నేను ఆ వరుసలో ‘స్థౌల్యమునకు శస్త్రచికిత్స’ అని ఉన్నదున్నట్లు వ్రాసితిని. ఇరువదిరెండవనాడు పనిలో చేరితిని. మధ్యాహ్నము నా చిన్న డబ్బాలోని పెసరకట్టు చెంచాతో తినుచుండగ, పై యధికారి వచ్చి తలుపు దగ్గరగ వేసి, మెల్లగ “మూడు వారములు సరిపోయెనా? మా తమ్మునికి ఎన్ని దినములు పెట్టుమందురు?” అని అడిగెను.