చక్రపు గరగర - బేరింగు కథ

కారు పోవుచుండగా ముందుచక్రము వైపునుండి ఒక్కొక్కప్పుడు తిరగలిలో ఇసుక పడినట్లు గరగరమను శబ్దము వినవచ్చును. దీనికి ముఖ్య కారణములు రెండు. బ్రేకు నొక్కినప్పుడే శబ్దము పుట్టుచున్నచో, బ్రేకు ప్యాడ్లమీది పొర అరిగిపోయి, దాని వెనుకనున్న ఉక్కురేకు డిస్కును గీయుచున్నదని అనుమానింపవలెను. బ్రేకుతో నిమిత్తము లేక, వేగముతో పాటు శబ్దము హెచ్చుచున్నచో చక్రము నడుమనున్న బేరింగును పరీక్షింపవలెను. రాపిడిని తప్పించుటకే పుట్టిన బేరింగు తానే ఏల అరచును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము లభించుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఎద్దుబండి చక్రపు నడిమి భాగము ఇరుసుమీద జారుచు తిరుగును. ఆముదములో గడ్డిమసి కలిపిన కందెన ఆ రెంటి మధ్య పొరవలె నిలిచి రాపిడిని తగ్గించును. కందెన ఎండినచో బండి కీచుమనును. జారుటకు బదులు దొర్లునట్లు చేసినచో ఘర్షణ ఇంకను తగ్గును. బరువైన బండను నేలపై ఈడ్చుటకంటె, క్రింద దుంగలు వేసి నెట్టుట సులభము కదా! ఈ సూత్రమునే బండి ఇరుసునకు అన్వయించి, వేల్సు దేశమందలి కార్మార్తెన్ పట్టణమున ఇనుప పరిశ్రమ నడపుచుండిన ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందెను. ఆయన పథకములో గాడియందు దొర్లెడు గుండ్లు ఇరుసు భారమును మోయును.

ఊహ మంచిదే. కాని గుండ్లన్నియు ఒకే పరిమాణమున నుండవలెను. ఒక గుండు వెంట్రుకవాసి పెద్దదైనను మిగిలినవాటి భారము దానిపై పడును. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణవాసి ఫ్రీడ్రిహ్ ఫిషర్ 1883లో ఉక్కుగుండ్లను సమానముగ సానపట్టు యంత్రమును నిర్మించిన పిదప ఈ చిక్కు తొలగినది.

మరియొక చిక్కు మలుపులలో కలదు. బండి మలుపు తిరుగునప్పుడు చక్రముపై బరువేగాక ప్రక్కతోపు కూడ పడును. అమెరికాలో గుఱ్ఱపుబండ్లు తయారుచేయుచుండిన హెన్రీ టిమ్కెన్ 1898లో గుండ్లకు బదులు ఒక కొన సన్నగానుండు రోలర్లను అమర్చి, రెండు బలములను ఒకేసారి మోయగల బేరింగునకు పేటెంటు పొందెను. తరువాత అనేక కార్ల ముందుచక్రములలో ఇట్టి బేరింగులే చిరకాలము వాడబడినవి.

గుండ్లు సమానముగ నున్నను, గ్రీజు నిండుగ నున్నను, బేరింగులు కొంతకాలమునకు చెడుచునే యుండెను. కారణమును వెదకుటకు తోడ్పడిన గణితము మరియొక రంగమునుండి వచ్చినది. ఒకదానితో నొకటి అదిమిన గాజు కటకములు తాకుచోట ఎట్లు నొక్కుకొనునో జర్మను శాస్త్రజ్ఞుడు హైన్రిహ్ హెర్ట్జ్ 1881లో లెక్కకట్టెను. రేడియో తరంగములను తరువాత ప్రయోగపూర్వకముగ నిరూపించినవాడు ఈయనయే. గుండు వలయమును తాకుచోటు బిందువు కాదు, మిక్కిలి చిన్న మచ్చ. భారమంతయు ఆ మచ్చపైననే పడుటచే ఒత్తిడి అపారముగ నుండును. భారము 8 రెట్లైనచో అచ్చటి ఒత్తిడి 2 రెట్లగును. 1901లో రిహార్డ్ ష్ట్రిబెక్ ప్రయోగములు చేసి, ఒక గుండు మోయదగిన భారము దాని వ్యాసపు వర్గమును అనుసరించి హెచ్చునని చూపెను.

ఆపైన స్వీడనుకు చెందిన ఎస్.కె.ఎఫ్. సంస్థలోని ఆర్విడ్ పామ్‌గ్రెన్ 1924లో అసలు విషయమును స్పష్టపరచెను. ఇనుపతీగను పలుమారు వంచినచో విరుగునట్లే, గుండ్లు మరల మరల దొర్లుటచే వలయపు ఉక్కు అలసిపోవును. పైకి కనబడని సన్నని పగుళ్ళు లోపల ఏర్పడి, పెరిగి, తుదకు పెచ్చు ఊడును. ఆ గుంటమీదుగా గుండు పోయినప్పుడెల్ల ఒక దెబ్బ తగులును. చుట్టు సుమారు 2 మీటర్లు గల చక్రము 50,000 కిలోమీటర్లలో రెండున్నర కోట్లసార్లు తిరుగును. ఆ దెబ్బలన్నియు వెంటవెంట కలిసి గరగరగా వినబడును.

గుండ్ల బేరింగుపై భారము రెట్టింపైనచో దాని ఆయువు ఎనిమిదవ వంతునకు తగ్గునని పామ్‌గ్రెన్ లెక్క. మితిమించి బరువెక్కించిన బండి త్వరలో చెడుటకు ఇదొక కారణము. అంతకంటె గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఒకే అచ్చున తయారైన బేరింగులు సైతము ఒకే కాలమున చెడవు. అందుచే నూటికి తొంబది బేరింగులు ఎంతకాలము నిలుచునో దానినే ఆయువుగ ఇంజనీర్లు లెక్కింతురు. ఫలానా కారులోని ఫలానా బేరింగు ఎప్పుడు చెడునో ఆ లెక్క చెప్పజాలదు. దానిని చెవితోను చేతితోను కనుగొనవలసినదే.

పరీక్షావిధానమును పై సూత్రములే సూచించును. ఎడమకు తిరుగునప్పుడు భారము కుడిచక్రముపైకి ఒరుగును. అప్పుడు శబ్దము హెచ్చినచో సాధారణముగ కుడి బేరింగుపై అనుమానము. జాకీతో కారును లేపి, క్రింద భద్రముగ స్టాండు నిలిపి, చక్రమును పైన క్రింద పట్టి ఊపి చూడవలెను. వదులు కనబడినను, చేతితో త్రిప్పినప్పుడు గరుకు తగిలినను లోపము దాదాపు నిశ్చయమగును. పాత పద్ధతి రోలర్ బేరింగును విప్పి, కడిగి, క్రొత్త గ్రీజు పెట్టి, వదులు సరిచేయవచ్చును. కాని పెచ్చు ఊడిన ఉక్కును ఏ గ్రీజును బాగుచేయలేదు. అట్టి దానిని మార్చవలసినదే. నేటి కార్లలో పెక్కింటికి బేరింగు మూసిన పెట్టెవలె నుండుటచే మొత్తముగనే మార్తురు.

ఈ శబ్దమును ఉపేక్షించినచో పెచ్చులు మరింత ఊడి, బేరింగు వేడెక్కి, చక్రము బిగిసిపోవుటయు, ఊడిపోవుటయు సంభవింపవచ్చును. అయితే బేరింగు సాధారణముగ ఒక్కసారిగ విరుగదు, ముందుగ అరచును. ఆ హెచ్చరికకు చెవియొగ్గి పరీక్ష చేయించినవాడు ప్రయాణీకుల ప్రాణములను కాపాడినవాడగును.