కాలి కింద కైలాసం

కిందికి చూడకు. గట్టు అంచు నున్నగా ఉంది. మడమ జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా లేదు. ముందు ఆ ఎర్రమట్టి గీతను చూడు. గీతకు ఇవతలి రాయంతా పోవాలి. అవతలి రాయిని ఉలి తాకకూడదు.

సుత్తి ఎత్తు. కొట్టు. ఖంగుమంటుంది. నల్లరాయి ఇది, ఒక్క దెబ్బకు లొంగదు. నిప్పురవ్వ ఎగిరి ముంజేతిని చురుక్కుమనిపిస్తుంది. అక్కడక్కడా తెల్లటి పలుకులు కనిపిస్తున్నాయి చూడు. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లావా పారింది. అది గడ్డకట్టినప్పుడు మిగిలిన బుడగల్లో నీరు ఊరి ఊరి పేరుకున్న ఖనిజం అది. ఉలిని కాస్త పక్కన పెట్టి కొట్టు.

మొన మొండిబారింది. కుర్రాడు వచ్చి దాన్ని కొలిమికి పట్టుకెళ్తాడు, పదునుపెట్టినది నీ చేతికి ఇస్తాడు. నోట్లో రాతిపొడి. ఉమ్మేయ్. మళ్లీ కొట్టు.

నువ్వున్నది ఎల్లోరా కొండ నెత్తిన. 8వ శతాబ్దం. బాదామి చాళుక్యుల ప్రాభవాన్ని అణచిన రాష్ట్రకూటుల్లో 756 ప్రాంతంలో గద్దెనెక్కిన కృష్ణుడు ఇప్పుడు రాజు. ఆయన కొడుకు గోవిందుడు సైన్యంతో మన వేంగి దాకా వచ్చి, అక్కడి విష్ణువర్ధనుణ్ణి లొంగదీసుకున్నది కూడా ఈ రోజుల్లోనే. ఆ సందడి ఇక్కడికి వినపడదు. ఇక్కడ ఉలిమోతే.

కొండలో మూడు కందకాలు దిగుతున్నాయి. రెండు పక్కపక్కగా కొండలోకి పోతాయి, మూడోది వెనకవైపున వాటిని కలుపుతుంది. మధ్యలో మిగిలేది ఒక్కటే బండ. శివుడి గుడి అందులోనే ఉంది. పునాది తీయరు. రాయి మీద రాయి పెట్టరు. శిఖరంతో మొదలుపెట్టి పీఠం దాకా దిగుతారు.

పైనుంచి ఎందుకు అంటావా? నీ కాళ్లకింద చూసుకో. కర్రల మంచె లేదు, నిచ్చెన లేదు. ఇంకా కొట్టని కొండే నీ మంచె. ఎనిమిది పలకల శిఖరం నీ ఛాతీ ఎత్తున ఉంది. తీరిగ్గా చతికిలబడి దాని అంచుకు నగిషీ దిద్దుతున్నావు. పని సాగేకొద్దీ నువ్వు కూర్చున్న నేలను నువ్వే కొట్టేసుకుంటూ కిందికి దిగుతావు. చివరికి ఆ శిఖరం నీ తలపైన దాదాపు వంద అడుగుల ఎత్తున నిలబడుతుంది. ఇవాళ వదిలేసిన వంకర రేపు చేతికందదు. అందుకే ఇప్పుడే చూసుకో. వేలితో తడుము.

ఇప్పుడు గుడి ముందుభాగం వైపు నడువు. ఖాళీగా కనిపించే రాయి మీద ఉలి పెడతావు.

“అక్కడొద్దురా!” స్థపతి కేక.

“ఏముందయ్యా ఇక్కడ?”

“ఏనుగుంది.”

నీకు కనిపించేది నల్లటి బండే. ఆయనకు మాత్రం ఎన్నో నిలువుల లోతున, ఇంకా ఎండ సోకని రాతిలో, ముంగిట్లో నిలబడే ఏనుగు కనిపిస్తోంది. దాని పక్కన ధ్వజస్తంభం. నందిమండపానికి అటొకటి, ఇటొకటి. ఆ రాయిని ఇవాళ తీసేస్తే మరి తెచ్చి అతికించే దారి లేదు. ఇంత పని మొత్తంలో నన్ను కదిలించేది చెక్కిన రాయి కన్నా ఇలా ముందే ఆలోచించి ముట్టకుండా వదిలిన రాయే. గుడి అంతా తలలో పూర్తి కాకుండా మొదటి గీత పడి ఉండదు.

ఆయన తలలో ఒక నమూనా ఉంది. పట్టదకల్లులో చాళుక్య రాణి లోకమహాదేవి, తన భర్త కంచిని గెలిచిన గుర్తుగా కట్టించిన విరూపాక్షాలయం. అది పేర్చిన గుడి, ఎక్కడైనా రాయి పగిలితే ఇంకొకటి తెచ్చి పెట్టొచ్చు. నీకు ఆ వెసులుబాటు లేదు.

దిగు. మండపం పైకప్పు వచ్చింది. మధ్యలో రేకులు విప్పిన పెద్ద తామర, చుట్టూ నాలుగు సింహాలు. వాటిని నేలమీద నిలబడేవాడెవడూ చూడలేడు. అయినా జూలు వదిలిపెట్టకుండా చెక్కు.

ఇంకా దిగు. గోడలు రెండువైపులా లేచి ఆకాశం సన్నబడింది. వెనక గోడ చివరికి వంద అడుగులు దాటుతుంది. కొట్టి తీసిన ముక్కలు తట్టల్లో ఎదుటి దారిన బయటికి పోతూనే ఉన్నాయి. తీసిందంతా కలిపితే లక్ష టన్నులు దాటుతుంది.

ఇప్పుడు వంతెన.

నందిమండపానికీ పెద్ద మండపానికీ మధ్య రాతి వంతెన మిగలాలి. అంటే దాని కింద బొరియ తొలవాలి. నువ్వు ఇటునుంచి, ఇంకొకడు అటునుంచి. పాకుతూ లోపలికి వెళ్లు. దివ్వె పొగ కళ్లల్లోకి. కప్పు నెత్తికి తగులుతోంది.

ఆగు.

కప్పు మీద తడి. సన్నటి గీత. ఇది ఎర్రమట్టి గీత కాదు. నెర్రె.

వేలు పెట్టు. చల్లగా ఉంది. వానకు తడిసిన కొండ నీరు వదులుతోంది. ఎంత లోతు? తెలియదు. సుత్తి మడమతో మెల్లగా తట్టు. ఖంగుమంటే గట్టి. బోలుగా మోగితే లోపల డొల్ల.

తట్టావు.

బోలుగా మోగింది.

అటువైపువాడు ఇంకా కొడుతున్నాడు. ప్రతి దెబ్బా నీ వీపుకు తెలుస్తోంది. రాతిపొడి మెడ మీద రాలింది. అరువు. వినపడలేదు. మళ్లీ అరువు. దెబ్బలు ఆగాయి.

గీత ప్రకారం ఇంకా బెత్తెడు మందం తీయాలి. తీస్తే కొలత కుదురుతుంది. తీయకపోతే స్థపతికి జవాబు చెప్పాలి. పైన నంది దగ్గరికి జనం నడిచే దారి.

వదిలెయ్. బెత్తెడు వదిలెయ్. వెనక్కి పాకు.

బయటికి వచ్చావు. నీ ఊపిరి నీకే వినిపిస్తోంది. స్థపతి లోపలికి వెళ్లాడు, వచ్చాడు, గీతను చేత్తో తుడిచి కిందకు గీశాడు.

నంది వంతెన ఇప్పటికీ నిలిచే ఉంది. పక్కగోడల మండపాలను గుడితో కలిపిన రాతి వంతెనలు మాత్రం తర్వాత కూలిపోయాయి.

ఏళ్లు గడిచాయి. కృష్ణుడు పోయాడు, ఆయన కొడుకులు గోవిందుడు, ధ్రువుడు వచ్చారు. నువ్వు నేలకు దిగావు. పీఠం చుట్టూ ఏనుగులూ సింహాలూ వరసగా గుడిని వీపుల మీద మోస్తున్నాయి. అవి ఇన్నాళ్లూ నీ కాళ్లకిందే ఉన్నాయి.

దక్షిణం వైపు రా. ఇక్కడ స్థపతి చూపించినది గోడలో లోతైన గూడు. అందులో రావణుడు కైలాసాన్ని ఎత్తబోతున్నాడు. పది తలలు, ఇరవై చేతులు. పైన కొండ అదిరింది. పార్వతి శివుడి చెయ్యి పట్టుకుంది, చెలికత్తె వెనక్కి తిరిగి పరిగెత్తుతోంది. శివుడు మాత్రం కదల్లేదు, కాలితో అదిమాడంతే. తల పైకెత్తి చూడు. రావణుడి చేతుల పైన చెక్కిన కొండ, దాని పైన నిజంగానే నిలబడ్డ మొత్తం గుడి. అతను ఎత్తాలని చూస్తున్నది నువ్వు ఇన్నేళ్లు దిగివచ్చిన ఈ బండనే.

చేతులను వెనకరాయి నుంచి విడదీయాలి. వెనక నీడ పడితేనే వాటికి బలం వస్తుంది. ఉలి చేతుల మధ్యకు దూర్చు. చిన్న సుత్తి తీసుకో. మోచేతి దగ్గర రాయి నీ మణికట్టు కన్నా సన్నబడింది. ఇంకొక్క దెబ్బ వేస్తే వేరుపడుతుంది. లేదా విరుగుతుంది.

కొట్టు.

నిలిచింది. ఊదు, పొడి పోతుంది. తర్వాతి చెయ్యికి జరుగు. కాలక్రమంలో వీటిలో కొన్ని విరగనే విరిగాయి, అది వేరే కథ.

బయట తొట్టెల్లో సున్నం నానుతోంది. ఈ నల్లరాయి మీద తెల్లటి పూత పడాలి, మంచుకొండలా కనిపించాలి, దాని మీద రంగులు. ఆ పని వేరేవాళ్లది. నీకు ఉత్తరపు గోడ మిగిలి ఉంది. అక్కడ గంగ, యమున, సరస్వతి నిలబడాలి, ఆ గోడలోనే పైన ఇంకో గుడి తొలవాలి. ఉలులు కొలిమికి పంపు, చీకటి పడకముందే వెళ్లి అక్కడి రాయిని తట్టి చూడాలి.