నొప్పుల సూదిపై అదుపు: కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి ఒక పరిశీలన

జనం నొప్పుల సూది అనే ఆక్సిటోసిన్ కాన్పు గదిలో రెండు పనులు చేస్తుంది. ప్రసవానికి ముందు సెలైన్‌లో కలిపి చుక్కలు లెక్కపెట్టి ఎక్కిస్తే నొప్పులు ఊపందుకుంటాయి. మోతాదు మించితే గర్భసంచి సడలకుండా బిగుసుకుపోతుంది, బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది, ఒక్కోసారి గర్భసంచే చిట్లుతుంది. బిడ్డ బయటపడ్డ నిమిషంలోపు తల్లి తొడకు 10 యూనిట్లు వేస్తే, అదే మందు రక్తస్రావం నుంచి ఆమెను కాపాడుతుంది. కాబట్టి ఈ మందును అదుపు చేసే ఏ నిబంధనైనా ముందు అడగవలసింది ఎవరు, ఎప్పుడు, ఎంత ఇస్తున్నారని.

మన ప్రభుత్వం అడిగింది వేరు. పాడి పశువులకు ఈ మందును విచ్చలవిడిగా వేస్తున్నారన్న ఆందోళనతో 2018 ఏప్రిల్ 27న కేంద్రం దేశీయ అవసరాలకు ప్రైవేటు తయారీని నిషేధించి, ఆ బాధ్యతను కర్ణాటక యాంటీబయాటిక్స్ అనే ఒక్క ప్రభుత్వరంగ సంస్థకు అప్పగించింది. అదే ఏడాది డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2019లో సుప్రీంకోర్టు ఈ వివాదాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. నా దృష్టిలో హైకోర్టు తీర్పే సరైనది. పశువుల కొట్టంలో జరిగే దుర్వినియోగానికి బాలింత ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు.

ఆ పణం బరువు ఆదిలాబాద్ ఏజెన్సీలో తెలుస్తుంది. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేసవిలో కరెంటు పోయిన ఉపకేంద్రంలో యాంప్యూల్ చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల మందు బలం తగ్గిపోయి ఉండవచ్చు. వాన పడి వాగు పొంగితే గోండు, కొలాం గూడేలకు అంబులెన్సు చేరదు. అక్కడ చల్లదనం అక్కర్లేని మిసోప్రోస్టాల్ మాత్రలే దిక్కు. ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఆక్సిటోసిన్ లేనిచోట వీటిని సిఫార్సు చేస్తోంది. ఏఎన్ఎం చేతికి ఆక్సిటోసిన్ ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఒక గీత కూడా గీశాయి: బిడ్డ పుట్టాక ఆమె సూది వేయవచ్చు, నొప్పులు పెంచడానికి మాత్రం వేయరాదు. ప్రమాదం ఉన్నచోటే పెట్టిన హద్దు ఇది.

కరీంనగర్ చిత్రం పూర్తిగా భిన్నం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 61 శాతం, కరీంనగర్ జిల్లాలో 82 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే. ముహూర్తం కోసం కోత కోరే కుటుంబాలూ ఉన్నాయి, ఓపికగా నొప్పులు కాయడానికి మనుషులు చాలని ఆసుపత్రులూ ఉన్నాయి. మందుల చట్టం కాన్పు గదిలోకి రాదు. డాక్టరు చీటీ ఉంటే, చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్ సంతృప్తి చెందుతుంది. ఆ చీటీ వెనుక కారణమేమిటో అడగదు.

ఇతర దేశాలు కొంతవరకు అడిగాయి. అమెరికాలో ఆక్సిటోసిన్ లేబుల్ మీదే హెచ్చరిక ఉంది: వైద్య కారణం లేకుండా, కేవలం వీలు కోసం నొప్పులు తెప్పించడానికి వాడరాదని. బ్రిటన్‌లో మిడ్‌వైఫ్‌లు కొన్ని మందులను డాక్టరు చీటీ లేకుండానే ఇవ్వవచ్చు. ఆ జాబితాలో ఆక్సిటోసిన్ ఉంది. నమ్మకం చేతి నైపుణ్యం మీద ఉంచారు.

తెలంగాణలో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చింది. నియంత్రణకు నాకు కనిపించే దారి అటే. ప్రతి కాన్పుకూ నొప్పుల పురోగతిని నమోదు చేసే పార్టోగ్రాఫ్ నింపాలి, ఆక్సిటోసిన్ మొదలుపెట్టిన వేళ, కారణం, మోతాదు, బిడ్డ గుండె కొట్టుకునే వేగం దాని మీద ఉండాలి, ప్రైవేటు ఆసుపత్రులూ ఆ కాగితాన్ని జిల్లా వైద్యాధికారికి చూపాలి. ఆదిలాబాద్‌లో అదే తనిఖీ ఉపకేంద్రపు ఫ్రిజ్ దగ్గర, అక్కడి ఉష్ణోగ్రత పుస్తకం మీద జరగాలి.